బకెమొనోగతరి: దెయ్యాల కథ అన్నారు, చూస్తే అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. చూడవచ్చా, వద్దా?

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
అతీంద్రియ కథలంటే నాకున్న పిచ్చి తెలిసిన మిత్రుడొకరు బకెమొనోగతరి అనే జపనీస్ యానిమే సిరీస్ తప్పక చూడమని చెప్పడంతో మొదలుపెట్టాను. రక్తపిశాచి కాటుకు గురై బయటపడిన కుర్రాడు, శరీరంలో బరువే లేకుండా పోయిన సహాధ్యాయిని, మూతపడిన ట్యూషన్ సెంటరు భవనంలో మకాం వేసిన భూతవైద్యుడు అని కథాసారం చదివినప్పుడు వెన్నులో వణుకు పుట్టించే సిరీస్ అనుకున్నాను. తీరా చూస్తే మనుషులే కనిపించని వీధుల్లో ఇద్దరు నిలబడి ఒకరినొకరు దెప్పిపొడుచుకుంటూ ఉంటారు. ఆ మాటల సబ్‌టైటిల్ చదవడం పూర్తికాకముందే ఎర్రటి, నల్లటి పలకల మీద జపనీస్ అక్షరాలు మెరిసి మాయమవుతాయి. ఇందులో ఒక్కో కథకు ఒక్కో జంతువు పేరు. పీత కథ ముగిసి నత్త కథ మొదలైంది. ఇప్పుడు ఒక పార్కులో కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

ఇంటర్ చదువుతున్న మా చెల్లెలు కూడా చూస్తానంటోంది. ఈ సిరీస్ నాలాంటి వాడికి సరిపడుతుందా, ఆమెకు చూపించదగినదేనా అన్నవి నా రెండు సందేహాలు.

సబ్‌టైటిల్_బాధితుడు
పార్కులోంచి బయటికి రావడానికి ఇంకా చాలా సమయం ఉంది. భోజనం చేసి కూర్చోండి.

మాటలపుట్ట
ఈ సిరీస్‌కు మూలం నిసియో ఇసిన్ 2006లో రెండు సంపుటాలుగా వెలువరించిన నవల. ఆ నవలలోనే సింహభాగం సంభాషణ, మిగిలింది కథానాయకుడు అరరగి మనసులో నడిచే వ్యాఖ్యానం. 2009లో షాఫ్ట్ స్టూడియో దీన్ని తెరకెక్కించినప్పుడు దర్శకులు షింబో అకియుకి, ఓయిషి తత్సుయ ఆ మాటలను కత్తిరించి వేగం పెంచే సులువైన దారి పట్టలేదు. మాటలను మాటలుగానే ఉంచి, వాటి చుట్టూ ఉన్న ప్రపంచాన్ని వింతగా మార్చారు. వీధులు ఖాళీగా ఉండటం, పాత్రలు మెడ విరిగిపోతుందేమో అన్నంతగా తల వెనక్కి వంచి చూడటం అన్నీ ఆ నిర్ణయంలోంచి వచ్చినవే.

పీత కథ ముగిసిందన్నారు కాబట్టి అందులోని పూజ సన్నివేశాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. చీకటి గదిలో తల దించుకుని కూర్చున్న సెన్‌జోగహరను, అంటే ఆ బరువు పోయిన అమ్మాయిని, భూతవైద్యుడు ఒషినో మామూలు ప్రశ్నలే అడుగుతాడు. పేరేమిటి, పుట్టినరోజు ఎప్పుడు, ఇష్టమైన రచయిత ఎవరు అని అడుగుతూ, ఆమె గొంతు నిలకడగా సాగుతున్నప్పుడే ఇంతవరకు పడిన బాధల్లో అన్నిటికంటే పెద్దది ఏమిటని అదే స్వరంతో అడుగుతాడు. అక్కడ ఆమె తడబడుతుంది. తల్లి ఒక మతసంస్థ మాయలో పడటం, ఆ సంస్థలోని పెద్దమనిషి ఒకడు ఇంటికి వచ్చి తన మీద అఘాయిత్యానికి ప్రయత్నించడం, తల్లి అడ్డుపడకపోవడం ఆమె నోటితోనే బయటపడతాయి. పీత ఆమెకు తప్ప ఎవరికీ కనిపించదు. అది మీద పడినప్పుడు ఒషినో దాన్ని విసిరికొట్టి కాలికింద తొక్కిపెడతాడు, చంపేస్తానని కూడా అంటాడు. కానీ చివరికి పని జరిగేది ఆమె నేల మీద మోకరిల్లి, తన బాధను తనకు తిరిగి ఇచ్చేయమని వేడుకున్నప్పుడే. మంత్రం వేసినవాడికంటే నోరు తెరిచి చెప్పుకున్న మనిషికే అక్కడ బలం ఎక్కువ. ఈ సన్నివేశం మీకు నచ్చి ఉంటే మిగతాదంతా నచ్చుతుంది, నచ్చకపోతే ఇక్కడితో ఆపేయడం మంచిది.

బ్లాక్‌కాఫీ
పీత కథ బాగుందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మిగతా వదరుబోతుతనాన్నంతా సమర్థించడం అన్యాయం. పీత కథ రెండు భాగాల్లో ముగిసింది కాబట్టే బిగువుగా ఉంది. నత్త కథకు మూడు భాగాలు పట్టింది, అందులో అసలు విషయం చివరి పావుగంటలో ఉంది. దానికి ముందు ఒక చిన్నపిల్లతో కుస్తీపట్లు, ఇద్దరు ప్రేమికుల మాటకారితనపు పోటీ చూస్తూ కూర్చోవాలి. నవలలో పాఠకుడు తన వేగంతో చదువుకుంటాడు, బోరు కొడితే పేజీ దాటేస్తాడు. తెర మీద ఆ స్వేచ్ఛ ఉండదు.

నత్తగుల్ల
నా పేరు చూసి నేనెవరి పక్షమో గ్రహించే ఉంటారు. కథను విప్పి చెప్పకుండా అంటున్నాను: ఐదో భాగం పూర్తయ్యాక వెనక్కి వెళ్లి మూడో భాగాన్ని మళ్లీ చూడండి. ఆ పార్కులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరి ప్రశ్నకు ఎవరి నుంచి సమాధానం రాలేదు అన్నవి గమనిస్తే, బ్లాక్‌కాఫీ గారు వదరుబోతుతనం అంటున్నదే అసలు ఆధారమని తెలుస్తుంది. మాటల మధ్య దాచకపోతే ఆ రహస్యాన్ని దాచడానికి వేరే చోటే లేదు.

బ్లాక్‌కాఫీ
రెండోసారి చూస్తే తప్ప బాగుండని కథను మొదటిసారి చూసేవాడికి ఎలా సిఫారసు చేస్తారు?

ఇద్దరు_పిల్లల_తల్లి
ఇక్కడ చర్చంతా అన్నగారి అభిరుచి మీదే నడుస్తోంది, చెల్లెలి సంగతి ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేను ఎత్తుతాను. మొదటి సిరీస్ మొత్తం, తరువాత వచ్చిన నిసెమొనోగతరి కొంతవరకు చూశాను. మొదటి భాగం మొదటి నిమిషంలోనే గాలికి అరరగి సహాధ్యాయిని హనెకవ లంగా ఎగరడం, కెమెరా అక్కడే తిష్ఠ వేయడం ఉంటుంది. అది పొరపాటున పడిన దృశ్యం కాదు, సిరీస్ పొడవునా అదే ధోరణి. నత్త కథలోని హచికుజి ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదివే పిల్ల. ఆ పిల్ల కనిపించినప్పుడల్లా హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న అరరగి చేసే వెకిలి చేష్టలను హాస్యంగా చూపించారు. నాకు అందులో నవ్వు రాలేదు. నిసెమొనోగతరిలో సొంత చెల్లెలితో నడిచే టూత్‌బ్రష్ సన్నివేశం గురించి చెప్పనే అక్కర్లేదు, దాని అపఖ్యాతి సిరీస్ చూడనివారికి కూడా తెలుసు.

సెన్‌జోగహర గతం, తండ్రి కూతురితో మాట్లాడలేకపోవడం, విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిన పిల్ల వంటివి ఎంతో సున్నితంగా రాసిన రచయిత, ఆ పక్క దృశ్యంలోనే ఇంత చౌకబారుగా ఎలా దిగజారతాడో నాకు అర్థం కాదు. ఇంటర్ చదివే అమ్మాయి స్వయంగా ఎంచుకుని చూస్తే ఆపడం కష్టమే. కానీ అన్న పక్కన కూర్చుని చూడదగిన సిరీస్ మాత్రం కాదు.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
అన్న పక్కన అన్న మాటతోనే నా రెండో ప్రశ్నకు సమాధానం దొరికింది. ఆ టూత్‌బ్రష్ ఏమిటో వెతికి చూడను.

ఓరుగల్లు_కుర్రాడు
తల్లిగారి మాటను కాదనడం లేదు గానీ, ఇంకో కోణం కూడా ఉంది. కథ చెబుతున్నది అరరగి. మనం చూసేది అతని కళ్లతో. అతనిలో లోపాలున్నాయని, అతను తనను తాను తక్కువగా చూసుకుంటూ ఎదుటివారిని ఆదుకోవడంలో గొప్పతనం వెతుక్కుంటాడని సిరీసే తరువాత నిలదీస్తుంది. 2013లో వచ్చిన రెండో సీజన్‌లో హనెకవ తన కథను తానే చెప్పినప్పుడు లోకం ఎంత వేరుగా కనిపిస్తుందో చూడండి. వెకిలితనం కథానాయకుడిది, దాన్ని రచయిత ఖాతాలో వేయడం సరికాదని నా అభిప్రాయం.

ఇద్దరు_పిల్లల_తల్లి
కెమెరాను పట్టుకున్నది అరరగి కాదండీ, స్టూడియో. పాత్ర తప్పు చేస్తున్నాడని చూపించడం వేరు, ఆ తప్పును తీరిగ్గా, అందంగా, పోస్టరుకు పనికొచ్చేలా చిత్రించి ప్రేక్షకుడికి వడ్డించడం వేరు. హనెకవ చెప్పే కథ బాగుందన్నారు, నేనూ విన్నాను. అక్కడికి చేరాలంటే ముందు నిసెమొనోగతరి దాటాలి కదా.

ఓరుగల్లు_కుర్రాడు
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

పాత_చందమామ
సంభాషణతో నడిచే దెయ్యాల కథ మనకేదో కొత్త వింతైనట్టు మాట్లాడుతున్నారు. చందమామలో ఏళ్ల తరబడి వచ్చిన బేతాళ కథలన్నీ ఏమిటి? భుజం మీద శవం, అందులో బేతాళుడు, చుట్టూ శ్మశానం. అయినా భయపెట్టేది శ్మశానం కాదు, చివర వచ్చే ప్రశ్న. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం భంగమై బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. ఒషినో పద్ధతి నాకు అలాగే కనిపించింది. ఎవరినీ తాను రక్షించనని, ఎవరికి వారే బయటపడాలని మొదటి నుంచీ చెబుతూ, ప్రశ్నలు మాత్రం సరిగ్గా తగలాల్సిన చోట వేస్తాడు.

బ్లాక్‌కాఫీ
బేతాళుడు ఒక్కో కథను మూడు నాలుగు పేజీల్లో ముగించి చెట్టెక్కేవాడు. నిసియో ఇసిన్ గారి బేతాళుడు చెట్టు దిగడానికే ఒక భాగం తీసుకుంటాడు.

సబ్‌టైటిల్_బాధితుడు
పైగా దిగుతూ తన పేరు మీద శ్లేష వేస్తాడు.

తెర_వెనుక
మెరిసి మాయమయ్యే పలకల గురించి ప్రశ్న అడిగినవారికి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు. అవి చాలావరకు నవలలోని కథనం ముక్కలు. అరరగి మనసులో అనుకున్నవి, గొంతుతో పలకనివి అలా తెర మీద పడతాయి. జపనీస్ వచ్చినవారికి కూడా ఆ వేగంలో పూర్తిగా చదవడం సాధ్యం కాదు, చదవాలని ఎవరూ ఆశించలేదు కూడా. పేజీలు తిరుగుతున్నట్టు అనిపిస్తే చాలు. ఎరుపు, నలుపు తప్ప ఏమీ లేని పలకలు కూడా కొన్ని వస్తాయి. టీవీలో మొదట ప్రసారమైనప్పుడు బొమ్మలు సకాలంలో పూర్తికాని చోట్ల కూడా ఇలాంటి పలకలే ఆదుకున్నాయి. తరువాత బ్లూరే కోసం చాలా దృశ్యాలను తిరిగి గీశారు. కాబట్టి వీలైతే ఆ రూపాన్నే చూడండి.

హడావుడి ఎంతగా ఉండేదంటే, 2009 జూలై నుంచి సెప్టెంబరు వరకు టీవీలో పన్నెండు భాగాలే వచ్చాయి. పిల్లి కథలో మిగిలిపోయిన మూడు భాగాలను ఇంటర్నెట్‌లో విడతలవారీగా పెడుతూ 2010 జూన్‌కు గానీ పూర్తిచేయలేకపోయారు. అప్పట్లో వెంటబడి చూసినవారి ఓర్పు ముందు నేటి ప్రేక్షకుడు పార్కులో కూర్చోవడం పెద్ద కష్టమేమీ కాదు.

సబ్‌టైటిల్_బాధితుడు
పలకలను వదిలేయవచ్చన్న ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ప్రతి పలక దగ్గర ఆపి, ఫోనులో అనువాదం చేసుకుంటూ చూసిన ఘనుణ్ణి నేను. ఇరవై నాలుగు నిమిషాల భాగం గంటకు పైగా సాగేది. కొత్తగా చూసేవారికి నా సలహా ఒక్కటే: కింద ఉన్న సబ్‌టైటిల్ చదవండి, పైన ఏం మెరిసినా పట్టించుకోకండి, అన్నం తింటూ మాత్రం చూడకండి. ముద్ద కలిపేలోగా రెండు వాదనలు, ఒక క్షమాపణ అయిపోతాయి.

నగోయా_నుంచి
ఉద్యోగరీత్యా ఇక్కడే ఉంటున్నాను, సబ్‌టైటిల్ లేకుండా చూసే స్థాయికి ఈమధ్యే వచ్చాను. ఇందులో సగం హాస్యం చెవికి సంబంధించినది. హచికుజి కావాలనే అరరగి పేరును తప్పుగా పలకడం, అతను సరిదిద్దడం, నాలుక కరుచుకున్నానని ఆ పిల్ల సర్దిచెప్పడం ఒక తంతులా సాగుతుంది. ప్రతిసారీ కొత్త వంకరతో రావడమే దాని రుచి. సబ్‌టైటిల్‌లో అది వెలవెలబోతుంది. అయినా అరరగికి గొంతునిచ్చిన కమియా హిరోషి, సెన్‌జోగహరకు గొంతునిచ్చిన సైతో చివ పలికే తీరు కోసమైనా జపనీస్ మాటలతోనే చూడాలి. సెన్‌జోగహర స్వరంలో ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. స్టేప్లర్ అతని నోట్లో పెట్టి బెదిరించేటప్పుడూ, తరువాత ప్రేమను తెలిపేటప్పుడూ అదే సమతలమైన గొంతు. తేడా అంతా విరామాల్లో ఉంటుంది.

ఒక్కో కథకు ఒక్కో ప్రారంభ గీతం ఉండటం, దాన్ని ఆ పాత్రకు గొంతునిచ్చిన నటే పాడటం కూడా చెప్పుకోదగిన సంగతి. ఆ పాటలను దాటవేయకండి.

పాత_చందమామ
తెలుగు డబ్బింగ్ వస్తే ఎలా ఉంటుందో మరి. 2025లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో థియేటర్లకు వచ్చినప్పుడు మా వీధి పిల్లలంతా వెళ్లారు. అక్కడ కత్తి దూస్తే అర్థమైపోతుంది. ఇక్కడ కత్తి కూడా మాటే కాబట్టి డబ్బింగ్ రచయిత ప్రాణం మీదికి వస్తుంది.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
ఇక్కడి మాటలు విని కోతి కథ కూడా పూర్తిచేశాను, ఆ తరువాత తెగించి పన్నెండో భాగం దాకా వచ్చాను. నా తీర్పు కలగాపులగంగా ఉంది. ఎనిమిదో భాగంలో వానకోటు వేసుకున్న ఆకారంతో జరిగే పోరు నేను ఆశించిన భయం కంటే ఎక్కువే ఇచ్చింది. రంగురంగుల రక్తం పేగులతో సహా గోడలకు చిందుతుంది కాబట్టి, యాక్షన్ లేదన్న నా ఫిర్యాదును వెనక్కి తీసుకుంటున్నాను. పాము కథ నడుమ వచ్చే వేషాలకు మాత్రం విసుగు పుట్టింది, తల్లిగారు చెప్పింది అక్షరాలా నిజం.

కానీ పన్నెండో భాగం వేరే లోకం. కారు నడుపుతున్నది సెన్‌జోగహర తండ్రి. వెనక సీట్లో ఈ ఇద్దరు. ప్రయాణంలో ఆయన దాదాపు నోరు విప్పడు, ఆమె మాత్రం అరరగిని ఆటపట్టిస్తూనే ఉంటుంది, ఆ కుర్రాడు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. తరువాత ఆమె అతణ్ణి చీకట్లో నడిపించుకుపోయి, నేల మీద పడుకోబెట్టి, పైన నక్షత్రాలను ఒక్కొక్కటిగా చూపించి, తన దగ్గర ఉన్నవి ఇవేనని లెక్క చెబుతుంది. ఏ దెయ్యమూ రాదు, ఏ మలుపూ ఉండదు. అంతకుముందు ఆమె పెట్టిన నస వినకపోయి ఉంటే ఆ నాలుగు వాక్యాలు నాకు తగిలేవి కావు.

బ్లాక్‌కాఫీ
పన్నెండో భాగం విషయంలో నేను వాదించను. దానికోసం పదకొండు భాగాల పన్ను కట్టాలా అన్నదే నా గొడవ.

గోదారి_గాలి
పన్ను కట్టలేనివారికీ, చెల్లెలితో కలిసి చూడాలనుకునేవారికీ వేరే దారులున్నాయి. 2005లో వచ్చిన ముషిషి ఇరవై ఆరు భాగాల సిరీస్, ప్రతి భాగం ఒక విడి కథ. గింకో అనే సంచారి ఊరూరా తిరుగుతూ, కంటికి కనిపించని జీవులవల్ల మనుషులకు వచ్చే తిప్పలు వింటాడు. అక్కడా పూజల కంటే మాటలే ఎక్కువ, కాకపోతే నెమ్మదిగా, తక్కువగా మాట్లాడతారు. కొన్ని కథలు విషాదంగా ముగుస్తాయి గానీ ఇంట్లో ఎవరి ముందూ తల దించుకోవాల్సిన పని లేదు. దయ్యాలతో స్నేహం వంటిది కావాలంటే 2008లో మొదలైన నత్సుమె యూజిన్‌చో పన్నెండేళ్ల పిల్లలకు కూడా నిశ్చింతగా చూపించవచ్చు.

బకెమొనోగతరిలోని కంటికింపైన వింతతనమే కావాలంటే మాత్రం 2007 నాటి మొనొనొకె చూడండి. అందులో మందులమ్ముకునే వాడి దగ్గర కత్తి ఉంటుంది, కానీ పీడిస్తున్న భూతం రూపం, జరిగిన నిజం, దాని వెనుక కారణం తెలిసేదాకా అది ఒర నుంచి బయటికి రాదు. అందుచేత అతను గదిలో ఉన్న ప్రతి ఒక్కరి చేత మాట్లాడించాల్సి వస్తుంది. మాట బయటికి లాగడమే అక్కడ యుద్ధం. పన్నెండు భాగాలతో ముగుస్తుంది. మొదటి కథలోనే గర్భస్రావాల ప్రస్తావన బలంగా ఉంటుంది కాబట్టి అదీ పెద్దలకే.

ఇద్దరు_పిల్లల_తల్లి
నత్సుమె విషయంలో నాదీ అదే మాట. మా పెద్దవాడికి అందులోని లావుపాటి పిల్లి అంటే ప్రాణం.

అర్ధరాత్రి_ప్రేక్షకుడు
చెల్లెలికి నత్సుమె ఖాయం చేశాను. నేను మాత్రం పిల్లి కథ పూర్తిచేసి ముందుకు వెళ్లాలనుకుంటున్నాను. ఏ వరుసలో చూడాలో చెప్పండి, ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

ఓరుగల్లు_కుర్రాడు
కథాకాలం ప్రకారం అన్నిటికంటే ముందు జరిగేది కిజుమొనోగతరి, అరరగి రక్తపిశాచిని కాపాడిన వసంత సెలవుల కథ. మొదటి భాగం ఆరంభంలో గిర్రున తిరిగిపోయే దృశ్యాలు అవే. దాన్ని చూసి వస్తే ఆ రక్తపిశాచి షినోబు ఎందుకు మూలన మౌనంగా కూర్చుంటుందో తెలుస్తుంది. తరువాత మిగతావి.

మాటలపుట్ట
నేను ఒప్పుకోను. కిజుమొనోగతరి నవల 2008లో రెండోదిగా వచ్చింది. బకెమొనోగతరి చదివినవారి కోసం రాసినది అది. సినిమాలుగా రావడం మాత్రం బాగా ఆలస్యమై 2016 జనవరి నుంచి 2017 జనవరి వరకు మూడు విడతలుగా విడుదలైంది. ఇప్పుడు పిల్లి కథ ముగించి వెంటనే ఆ మూడు సినిమాలు చూస్తే, ఇంతకాలం సగం సగం విన్న మాటలకు రూపం వస్తుంది. అక్కడ సంభాషణ తక్కువ, రక్తపాతం చాలా ఎక్కువ. అర్ధరాత్రి_ప్రేక్షకుడు గారు మొదట ఆశించిన దెయ్యాల కథ నిజానికి అదే. తరువాత నిసెమొనోగతరి, నల్ల పిల్లి కథ (నెకొమొనోగతరి), ఆపై రెండో సీజన్.

బ్లాక్‌కాఫీ
నిసెమొనోగతరిని దాటేసి నేరుగా రెండో సీజన్‌కు వెళితే కొంపలేం మునగవని నా అభిప్రాయం.

మాటలపుట్ట
మునుగుతాయి. మోసగాడు కైకి తొలిసారి కనిపించేది అక్కడే. రెండో సీజన్ చివరి కథను చెప్పేది అతనే. అతనెవరో తెలియకుండా ఆ కథ చూస్తే సగం రుచి పోతుంది. టూత్‌బ్రష్ ఉన్నది ఎనిమిదో భాగంలో, ఆ దృశ్యం రాగానే నిరభ్యంతరంగా ముందుకు జరిపేయండి, కథకు ఏ లోటూ రాదు.

సబ్‌టైటిల్_బాధితుడు
మూడు సినిమాలను కలిపి 2024లో కోయోమి వ్యాంప్ అని ఒకే చిత్రంగా విడుదల చేశారు కదా, అది చూస్తే సరిపోదా? చదవాల్సిన సబ్‌టైటిళ్లైనా తగ్గుతాయి.

తెర_వెనుక
కథ అర్థం కావడానికి అది చాలు. హాస్యాన్ని బాగా తగ్గించి, భయానికి, విషాదానికి చోటిచ్చారు కాబట్టి తల్లిగారి అభ్యంతరాల్లో కొన్ని కూడా తగ్గుతాయి. కానీ హనెకవకూ అరరగికీ మధ్య స్నేహం ముదిరే తీరు మూడు సినిమాల్లోనే నిండుగా ఉంది. పిల్లి కథ చూడబోతున్నవారికి హనెకవే ముఖ్యం కాబట్టి, సమయం ఉంటే మూడూ చూడండి.